అతుకుల గొంతు

"నీ నోట్ల మన్నువడ! ఏం పాపం జేసినమే నీకు? ఉల్లిగడ్డలు అమ్మవెట్టే నోటితోని మా పానాలు సుత అమ్మవెడ్తివా?"

ఆగమ్మ ఇంకా వీధి మలుపులో ఉండగానే ఆమె తిట్లు వాకిట్లోకి వచ్చేశాయి. పుష్ప అప్పుడే జిన్నారం బస్సు దిగి, పుట్టింటి సంచి భుజాన వేసుకుని, అమ్మ ఇచ్చిన సొరకాయ చంకన పెట్టుకుని గడప తొక్కబోతోంది. ఆగమ్మ తిట్టడం కొత్తగడ్డ బస్తీలో కొత్తేమీ కాదు. ఆమె తిట్టకపోతే ఒంట్లో బాగాలేదేమోనని పలకరించి వస్తారు. ఎప్పుడైనా ఆమె నోరు విప్పితే అరుగుల మీద కూచున్న ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు. ఆ పొద్దు ఒక్కరూ నవ్వలేదు. అందరూ పుష్ప వంకే చూస్తున్నారు.

"ఏమైంది పెద్దమ్మా?"

"ఏమైందంటవా? నా మనుమరాలు సంగారెడ్డి దవాఖానల సెలైన్ వెట్టుకోని పండింది. ఒకటే వాంతులు. బోరు నీళ్లు మంచియని నువ్వు మైకుల చెప్తివి, అది తాగె."

"నేనెప్పుడు చెప్పిన? నేను ఊర్లనే లేను గద!"

"నువ్వు లేకుంటే ఏందే? నీ గొంతుంది. మీ మరిది ఆటో ఉంది. ఊరంత తిరిగి చెప్పింది. మేము చెవిటోళ్లమా?"

సొరకాయ జారి గడప మీద పడి పగిలింది. పుష్ప దానివంక చూడను కూడా చూడలేదు.

ఆ గొంతు సంగతి కాస్త చెప్పాలి. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా కంపెనీల పక్కన మొలిచిన బస్తీల్లో పొద్దున్నే తిరిగే ఆటోల మీది మైకుల్లో సగానికి సగం పుష్పవే. ఉల్లిగడ్డల బండి, చీపుర్ల బండి, నీళ్ల క్యాన్ల బండి, కుక్కర్లు బాగుచేసే బండి, అన్నిట్లోనూ ఆమే పలుకుతుంది. ఆమె మొహం ఎరగని ఇల్లు ఉంటుందేమో గానీ గొంతు ఎరగని ఇల్లు లేదు. మొగుడు చిన్నా లారీ తోలుతూ నాగ్‌పూరు దారిలో ఉంటాడు, వచ్చినప్పుడే వచ్చినట్టు. ఇంట్లో అత్త ముత్యమ్మ, మందుల కంపెనీలో కాంట్రాక్టు పనికి పోతూ మిగతా వేళల్లో ఆటో తోలే మరిది మహేష్ ఉంటారు. కుట్టుమిషను బల్ల మీద ఒక పాత కంప్యూటరు ఉంటుంది.

బండివాడు వచ్చి సరుకేమిటో చెబుతాడు. పుష్ప కిటికీ మూసి, ఫ్యాను ఆపి, బొంత కప్పుకుని మైకు పట్టుకుంటుంది. కంపెనీ సైరను మోగితే ఆగుతుంది. పక్కింటి కోడి కూస్తే దాని వంశాన్నంతా తిట్టి మళ్లీ మొదలుపెడుతుంది. ఆ తర్వాత తెర మీద తన గొంతు గీతలు గీతలుగా పరుచుకుంటే, దగ్గు వచ్చినచోట కత్తిరించి, మాటకు మాట దగ్గరికి జరిపి, పెన్‌డ్రైవులో ఎక్కించి ఇస్తుంది. అందులో ఆమెకొక పట్టుదల ఉంది. ఏ సరుకు రాగం దానికే ఉండాలి. పెరట్లో గిన్నెలు తోముకునే ఆడమనిషికి మాట వినపడదు, రాగమే వినపడుతుంది. ఆ రాగాన్ని బట్టే చీపుర్ల బండా, ఉల్లిగడ్డల బండా తెలిసిపోయి, ఆమె చేతులు కడుక్కుని వీధిలోకి రావాలి. అందుకే ఉల్లిగడ్డలకు "మంచియీ..." అని పైకెత్తి సాగదీసి, "గట్టియి" దగ్గర దించి, "ఉల్లిగడ్డలూ" అని ఊపేది. నడక రాని పిల్లలు కూడా ఊఁ ఊఁ అంటూ ఆ రాగం తీసేవాళ్లు.

ఇంకో పట్టుదల కూడా ఉండేది. పుచ్చు వంకాయలను లేతవని చెప్పమంటే చెప్పేది కాదు. "నా గొంతు విని కొంటరన్నా, రేపు నేను వాళ్ల మొహం చూడాలె" అని బండి తిప్పి పంపేది. అట్లా కూడబెట్టుకున్న పేరు అది. ఇప్పుడు ఆ పేరు మీద మన్ను పోస్తున్నారు.

నీళ్ల గొడవ పుష్ప పుట్టింటికి పోకముందే మొదలైంది. వాగు అవతల మందుల కంపెనీ ఉంది. వానలకు వాగు పొంగిన తర్వాత కొత్తగడ్డ బోరు నీళ్లు పసుపు తిరిగి, కిరోసిన్ వాసన కొట్టాయి. ఆ నీళ్లు ఎవరూ తాగొద్దని, కంపెనీ ట్యాంకర్లు పంపేదాకా గేటు ముందు కూచోవాలని ఊరంతా ఒక్కమాట అనుకున్నారు. సరిగ్గా అప్పుడే పుష్ప తల్లికి జ్వరమని తెలిసి జిన్నారం పోయింది. ఆమె అటు పోగానే ఇటు మైకు పలికింది. మైకు విన్నవాళ్లు బిందెలు నింపుకున్నారు. గేటు ముందుకు పోదామన్నవాళ్లు ఇళ్లలోనే ఉండిపోయారు.

లోపల ముత్యమ్మ మంచం మీద ముడుచుకుని ఉంది. పెదవులు ఎండిపోయాయి.

"మీరు సుత తాగిండ్రా అత్తమ్మా?"

"తాగిన బిడ్డా. ఊరోళ్లు ఎవ్వలు చెప్పినా తాగకపోదును. నువ్వు చెప్పినవు. నాకే చెప్పినట్టు అనిపిచ్చింది. పోయే ముందల చేసిపెట్టి వోయినవనుకున్న."

పుష్పకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా మండిపోయింది. తనను తిడితే పడేది. కానీ తన గొంతు తను లేనప్పుడు ఇంట్లోకి వచ్చి, ముసలి అత్తతో విషం తాగించి పోయింది. అది ఏ దొంగ చేసినా క్షమించే పని కాదు.

అత్తకు ఉప్పు చక్కెర కలిపిన క్యాను నీళ్లు పట్టి, పుష్ప ఆగమ్మ ఇంటికే పోయింది. తలుపు మొహం మీద వేస్తే వేసుకోనీ అనుకుంది. ఆగమ్మ కోడలు ఆ మైకు మాటలను ఫోనులో పట్టింది. దవాఖానలో బిడ్డ దగ్గరున్న మొగుడికి వినిపించడానికి పట్టిందట. పుష్ప దాన్ని తన ఫోనుకు పంపించుకుని ఇంటికి వచ్చి కంప్యూటర్లో పెట్టింది.

"అక్కలారా... మీ ఇంటి... నీళ్లు... మంచియి... భయం లేదు... తాగుండ్రి."

మొదటిసారి విన్నప్పుడు ఆమెకే అనుమానం వచ్చింది, నేనే అన్నానేమోనని. గొంతు అంత తనది. రెండోసారి విన్నది. మూడోసారికి కుర్చీలోంచి లేచి నిలబడింది. 'అక్కలారా' అన్ని బండ్లదీ. 'మీ ఇంటి' అన్నది చీపుర్ల బండిది. 'మీ ఇంటి ముందుకే వచ్చినయి చీపురుకట్టలు.' 'నీళ్లు' క్యాన్లది. 'మంచియి' ఉల్లిగడ్డలది. సాగదీసిన చివరను కత్తిరించేశారు గానీ పైకెత్తిన ఎత్తు అట్లాగే ఉంది. 'భయం లేదు' కుక్కర్లది. 'పేలుతదన్న భయం లేదు' అని తనే ధైర్యం చెప్పింది ఊరందరికీ. పాత గుడ్డలు తెచ్చి బొంత కుట్టినట్టు ఎవడో కూచుని కుట్టాడు.

ఒక్క 'తాగుండ్రి' మాత్రం ఆమెకు అందలేదు. ఆమె ఏ బండికీ తాగుండ్రి అని చెప్పలేదు. రాగం కూడా లేదు దానికి, మామూలుగా, మెత్తగా ఉంది. కంప్యూటర్లో దాచిన పాతవన్నీ తెరిచి విన్నది. ఎక్కడా లేదు. ఆ ఒక్క మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది.

మహేష్ చీకటి పడకముందే ఆటో తెచ్చి వాకిట్లో ఆపాడు. వదిన మొహం చూసి, మళ్లీ ఎక్కబోయాడు.

"దిగు. నా పాటలన్నీ ఉన్న పెన్‌డ్రైవు ఏది?"

"అది... మధుబాబు సార్ అడిగిండు వదినా. కంపెనీల ఏదో ఫంక్షన్ ఉందన్నడు, ఆడోళ్ల గొంతు కావాల్నన్నడు. ఇచ్చిన."

మధుబాబు కంపెనీ తరఫున చుట్టుపక్కల ఊళ్లతో మాట్లాడే ఆఫీసరు. పటేల్‌గూడలో ఉంటాడు. పెళ్లికి పిలిస్తే వస్తాడు, చావుకు పిలవకపోయినా వస్తాడు.

"ఇస్తే ఆయన నీకేం ఇచ్చిండు?"

"వాళ్లింట్ల కంప్యూటర్ల ఆయనే కూసోని చేసిండు. బిడ్డ పుట్టినరోజు వీడియోలు సుత ఆయనే చేస్తడట. ఇది జెర తిప్పు అన్నడు, తిప్పిన. పర్మినెంట్ చేపిస్తనన్నడు వదినా. ఎన్నేండ్లు కాంట్రాక్టుల సావాలె?"

"తిప్పేటప్పుడు విన్నవా లేదా?"

మహేష్ చెప్పులవంక చూశాడు. "ఇన్న. గొంతే గద వదినా. నీ గొంతేమన్న అరిగిపోతదా? నీళ్లు సుత టెస్టు చేసినమన్నడు..."

మాట పూర్తి కాలేదు. మంచం మీది నుంచి ముత్యమ్మ ఎప్పుడు లేచిందో, ఎట్లా నడిచిందో, చెంప మీద ఫెడేల్మని ఒక్కటి కొట్టింది. కొట్టిన ఊపుకు తనే తూలి గోడ పట్టుకుంది. "నేను తాగిన్రా" అని మాత్రం అంది. మహేష్ వాకిట్లోనే కూలబడ్డాడు.

పుష్ప అతని మీద అరవలేదు. అరవడానికి కూడా ఒక మర్యాద ఉంటుంది, మనిషి అనుకున్నవాడి మీదే అరుస్తాం. "రేపు పంచాయితీ ఆఫీసు కాడికి ఆటో తే. మైకుతోని తే" అని లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున పంచాయితీ ఆఫీసు ముందు ఊరంతా చేరింది. సర్పంచి పిలిపిస్తే మధుబాబు కారులో వచ్చి పక్కన కూచున్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో కొన్న నీళ్ల సీసా. కొంతమంది అతన్ని ఆంధ్రావాడని వెనకనుంచి గొణిగారు. అబద్ధానికి జిల్లా ఉండదు. పెన్‌డ్రైవు ఇచ్చినవాడు ఈ ఊళ్లో పుట్టినవాడే.

"చూడండి, మీ బాధ నాకు అర్థమైంది" అన్నాడు మధుబాబు, అర్థమైనవాడి గొంతుతో. "కానీ నీళ్లు బాగున్నాయని కంపెనీ ఎక్కడా చెప్పలేదండీ. ఒక్క కాగితం చూపించండి. ఆటో మాది కాదు. గొంతు మాది కాదు. ఎవరి గొంతో మీకే బాగా తెలుసు. మీ ఊరి కోడలే చెప్పింది. ఎందుకు చెప్పిందో, ఎవరు చెప్పమన్నారో ఆ అమ్మాయినే అడగండి."

జనం పుష్పవైపు తిరిగారు. మెత్తగా మాట్లాడి ఒక ఆడదాన్ని ఊరికి అప్పగించడం ఎట్లాగో అతనికి బాగా తెలుసు. పుష్ప ఆటో వైపు చూసింది. తెర మీద గీతలు చూపించి అతుకులు ఇవీ అని చెప్పొచ్చు. కానీ గీతలు ఎవడు నమ్ముతాడు? తనను రోజూ విన్న చెవులనే అడగాలనుకుంది.

ఆటో దగ్గరికి పోయి, మైకు మీట నొక్కి, కంప్యూటరు నుంచి ఎక్కించుకొచ్చినవి వరసగా పెట్టడం మొదలుపెట్టింది. ఒక్కో పాటా మొదలవగానే ఆపేసింది.

"మంచియీ..."

ముందు పిల్లలు అందుకున్నారు. "గట్టియి! ఉల్లిగడ్డలూ!" వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"మీ ఇంటీ..."

"ముందుకే వచ్చినయి, చీపురుకట్టలు!" ఈసారి ఆడవాళ్లు కూడా అన్నారు.

"పేలుతదన్న..."

"భయం లేదు!"

"ఇగ ఇది ఇనుండ్రి" అంటూ ఆగమ్మ కోడలు ఫోనులో పట్టిన ముక్కను పెట్టింది పుష్ప. 'మీ ఇంటి' చీపుర్ల రాగంలో వచ్చింది. 'మంచియి' ఉల్లిగడ్డల ఎత్తుమీద వచ్చింది. 'భయం లేదు' దగ్గర ఒక ముసలాయన, "అరె, ఇది కుక్కర్ది గద" అన్నాడు. నవ్వు ఆగిపోయింది. ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. రోజూ వినే మాటలనే ఇంత చక్కగా కోసి తమకే వండి పెట్టారని తెలిసేసరికి అందరూ మధుబాబు వైపు తిరిగారు.

మధుబాబు మాత్రం నోరు పోగొట్టుకోలేదు. "సరేనమ్మా, చీపుర్లన్నావు, ఉల్లిపాయలన్నావు. మరి చివర్న 'తాగుండ్రి' అన్నావే, అది ఏ బండిది? ఏ సరుకుని తాగమన్నావు?" అని నవ్వి, సర్పంచి వైపు తిరిగాడు. "చూశారా? ఆ మాట దీనికోసమే చెప్పింది."

పుష్ప రాత్రంతా వెతికిన మాట అది. కాదని చూపించడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. ఆగమ్మ ముందుకు వచ్చి నిలబడింది. "చెప్పవే. అదెక్కడిది?" అంది. ఆ గొంతులో తిట్టు లేదు, ఏదో ఒకటి చెప్పి బయటపడవే అన్నట్టు ఉంది. అదే పుష్పను ఎక్కువ కోసింది.

"అది నాది."

అందరూ వెనక్కి తిరిగారు. ముత్యమ్మ వేపచెట్టు కింద ఇంతసేపూ కూచునే ఉంది. కర్ర ఊతంగా లేచి, రొంటిన దోపుకున్న మీటల ఫోను తీసింది. పక్కవాళ్లు పట్టుకోబోతే చేయి విదిలించింది.

"ఆ మాట ఏ బండిది కాదు. నాది. నా కోడలు అమ్మగారింటికి వోయినప్పుడు నేను బీపీ గోలి మర్చిపోతనని చేసిచ్చింది. అది లేనప్పుడే పెట్టుకోని ఇంట. నాకు ఫోన్ల అదొక్కటే ఒత్తనీకి వొచ్చు."

పుష్పకు అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడో బస్సుకు వేళవుతుంటే, చెప్పులు వేసుకుని నిలబడే, రాగం గీగం లేకుండా చేసిన ముక్క అది. అత్త ఫోనులో ఎక్కించి, కంప్యూటర్లో తీసేసింది. అంతకుముందే పాటలతోపాటు ఎక్కిన మహేష్ పెన్‌డ్రైవులో మాత్రం ఉండిపోయింది. తను ఊళ్లో ఉన్నప్పుడు అది మోగదు కాబట్టి, చేసిన తర్వాత ఒక్కసారి కూడా తను వినలేదు.

ముత్యమ్మ ఫోను మైకు దగ్గర పెట్టి, బొటనవేలితో మీట ఒత్తింది.

"అత్తమ్మా, అన్నం తిన్నరా? గోలి ఏసుకోని, మంచిగ నీళ్లు తాగుండ్రి."

అదే మెత్తదనం. అదే 'తాగుండ్రి'. పంచాయితీ ఆఫీసు గోడకు తగిలి తిరిగి వచ్చింది. ఆగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ముత్యమ్మ మధుబాబు ముందుకు నడిచింది. అతను కుర్చీ వెనక్కి జరిపాడు.

"నా కోడలు నాకు మందేసుకోమని చెప్పిన మాట అది. దాంతోని నువ్వు మా ఊరికి విషం తాపినవు. గీ ముసల్దాని కోసం చెప్పిన మాటనే దొరికిందా నీకు?"

మధుబాబు లేచాడు. కంపెనీతో మాట్లాడతానని, ట్యాంకర్ల సంగతి చూస్తానని, అసలు దీనికీ తనకూ సంబంధమే లేదని, ఒకదానికొకటి పొసగని మాటలు వరసగా అన్నాడు. అంటూనే కారు వైపు నడిచాడు. కారుకు అడ్డంగా మహేష్ ఆటో ఉంది.

"ఏయ్ మహేష్, బండి తియ్యి" అన్నాడు. మహేష్ కదలలేదు. "నీ ఉద్యోగం సంగతి మర్చిపోకు" అన్నాడు గొంతు తగ్గించి. అంత తగ్గించలేదు, మైకు ఇంకా తెరిచే ఉంది. ఆ మాట ఊరంతా విన్నది.

మహేష్ ఆటోలోంచి తాళం పీకాడు.  వదిన వైపు చూడలేకపోయాడు. దాన్ని తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు.

ముత్యమ్మ ఆ తాళాన్ని కొంగున ముడేసుకుని, కారు ముందు నేల మీద కూచుంది. ఆగమ్మ వచ్చి ఆమె పక్కన కూచుంది. పుష్ప మైకు అందుకుంది. నోరు తెరిస్తే అలవాటుగా రాగం రాబోయింది. దాన్ని మింగేసి, బస్సుకు పోతూ అత్తకు చెప్పినట్టే, మామూలుగా చెప్పింది.

"అక్కలారా, గీ నీళ్లు తాగకుండ్రి. నేనే చెప్తున్న. ఈడనే ఉన్న."